నాంపల్లి చేపప్రసాదము, పీల్చే మందు, గుండెదడ: ఒక విమర్శ

రోహిణి ఎండలు తగ్గి మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినడము తెలుగుదేశములో పాత ఆచారము. సాధారణముగా జూన్ 7, 8 తేదీలలో వచ్చే ఆ దినమున హైదరాబాదులో చేపకు ఇంకొక పని కూడ ఉన్నది. నాంపల్లిలో ఎగ్జిబిషన్ మైదానము ఉన్నది గదా, ఏటా జనవరిలో నుమాయిష్ ప్రారంభమయ్యే చోటు, అది అప్పుడు ఉబ్బసరోగులతో నిండిపోతుంది. పసుపుపచ్చని ముద్దను చిన్న కొరమీను పిల్ల నోటిలో పెట్టి, ఆ చేపను ప్రాణముతోనే రోగి గొంతులోకి దింపుతారు. శాకాహారులకు ముద్దను బెల్లముతో కలిపి ఇస్తారు. మూడేండ్లు వరుసగా పుచ్చుకోవలెనని, ప్రతిసారి 45 దినములు పథ్యము చేయవలెనని నియమము. పాతబస్తీలో దూద్‌బౌలికి చెందిన బత్తిని వారి కుటుంబము దీనిని పంచుతున్నది. 1845లో తమ పూర్వికుడు వీరన్నగౌడుకు ఒక సాధువు ఈ యోగమును ఉపదేశించి, డబ్బు పుచ్చుకోకుండా పంచుమని చెప్పినాడని వారి కథనము.

మహమ్మారి కారణముగా 2020 నుండి 2022 వరకు ఈ పంపిణీ జరుగలేదు. 2023 జూన్‌లో మళ్ళీ మొదలైనది. ఆ సంవత్సరమే ఆగస్టులో ఇంటి పెద్దలలో ఒకరైన హరినాథగౌడు కాలము చేసినారు. కుటుంబము వారు పంపిణీని మానలేదు. దేశము నాలుగు మూలలనుండి రైళ్ళలో వచ్చి నాంపల్లి స్టేషనులో దిగేవారు, పిల్లలను చంకనెత్తుకొన్న తల్లులు, నడవలేని ముసలివారు అక్కడ కనబడతారు. స్వచ్ఛంద సంఘములు వారికి అన్నము, నీరు పెడుతవి. పోలీసులు వరుసలు నిలుపుతారు. ప్రభుత్వపు మత్స్యశాఖ చేపపిల్లలను అమ్మిస్తుంది. ప్రసాదమునకు మాత్రము కాణీ అడుగరు. ఈ చివరి సంగతిని విమర్శకులు మరచిపోరాదు. జబ్బు పేరు చెప్పి డబ్బు గుంజేవారు ఉన్న లోకములో ఇది తక్కువ సంగతి కాదు.

ఇక ఆక్షేపణలు కొత్తవి కావు. జనవిజ్ఞాన వేదిక వంటి సంఘములు ఏండ్ల తరబడి ఇది మందు కాదని వాదిస్తున్నవి. ముద్దలో ఏమున్నదో చెప్పరు. చెప్పని దానిని పరీక్షించడము ఎట్లా? వివాదము న్యాయస్థానములదాకా పోయినది. "చేపమందు" అన్న పాత పేరు పోయి "చేపప్రసాదము" అన్న పేరు వచ్చినది. పేరు మారినంతమాత్రాన వరుసలో నిలుచున్న మనిషి ఆశ మారుతుందా? అతడు వచ్చినది ఊపిరి కోసము, ప్రసాదము కోసము కాదు.

"మా పిల్లవానికి తగ్గినది" అనేవారి మాటను అబద్ధమని కొట్టివేయడము న్యాయము కాదు. తగ్గి ఉండవచ్చును. కాని ఎందువలన తగ్గినది? ఉబ్బసము ఎక్కువ తక్కువలుగా నడిచే జబ్బు. మనిషి ప్రయాణమై వచ్చేది బాధ ముదిరినప్పుడే. ముదిరినది కొంతకాలమునకు తనంతట తానే కొంత దిగుతుంది. పిల్లలలో చాలామందికి పెరిగి పెద్దవారైనకొద్దీ ఆయాసము తగ్గిపోవడము వైద్యులందరు ఎరిగినదే. మూడేండ్ల నియమము పెట్టిన తరువాత, ఆ మూడేండ్లలో తగ్గినవారు తగ్గినదని చెప్పుకొంటారు. తగ్గనివారు నాలుగవ ఏట రానే రారు. ఈ లెక్కను తేల్చడానికి ఒకటే దారి. రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అసలు ముద్ద, ఇంకొక జట్టుకు అదే రంగు ఉత్తముద్ద ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చినది ఇచ్చేవారికి కూడ తెలియకుండా ఉంచి, ఊపిరి కొలవవలెను. అటువంటి పరీక్ష ఏదీ ప్రచురింపబడలేదు.

ఇంతవరకు చాలామంది చెప్పినదే. ఈ వ్యాసములో విమర్శింపదలచినది వేరొకటి. ఆ వరుసలోనే కాక మన ఇండ్లలో కూడ తరచు వినబడే మాట ఒకటి ఉన్నది: "పంపు వాడితే గుండె చెడుతుంది. గుండె దడదడలాడుతుంది. ఒకసారి మొదలుపెడితే మానలేము." పంపు అనగా ఇన్‌హేలరు. ఈ భయముతో ఇన్‌హేలరు మాని చేపను నమ్మినవారు ఉన్నారు. దానికి విజ్ఞానపక్షమువారు ఇచ్చే జవాబు కూడ ఒకటే మూసలో పోసినట్లుంటుంది: "ఇన్‌హేలరు నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది, దాని వలన ఏ దోషమూ లేదు." మొదటి మాటలో సగము అబద్ధము. రెండవ మాటలో కూడ కొంత అబద్ధము ఉన్నది. రోగి పంపు పీల్చిన అయిదు నిమిషములలో చేయి వణికి, గుండె వేగము హెచ్చినప్పుడు, దోషము లేదన్న వైద్యుని మాట అక్కడే చెల్లకుండా పోతుంది. తరువాత అతడు ఎవరి మాట వింటాడో ఊహించుకోవచ్చును.

అందుచేత అసలు సంగతి ఏమో చూడవలసి ఉన్నది.

ఊపిరి గొట్టములను విప్పే మందును పీల్చడము పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య కాదు. ఉమ్మెత్త ఎండబెట్టి పొగ పీల్చడము మన దేశములో పూర్వమునుండి ఉన్నది. 1802లో జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఈ పద్ధతిని మద్రాసునుండి బ్రిటనుకు తీసుకొనిపోయినాడు. ఆ తరువాత వంద సంవత్సరములకు పైగా ఐరోపాలో ఉబ్బసరోగులు ఉమ్మెత్త చుట్టలు కాల్చినారు. ఉమ్మెత్తలో అట్రోపిను, దాని సోదర పదార్థములు ఉన్నవి. అవి ఊపిరి గొట్టముల కండరమును సడలిస్తవి, నోరు ఎండజేస్తవి, మోతాదు మించితే మతి చలింపజేస్తవి. గుండె వేగమును కూడ పెంచుతవి. ఏలనగా గుండెను అదుపులో ఉంచే వేగస్ నాడి పట్టును అట్రోపిను వదలిస్తుంది. ఇప్పుడు వాడే ఇప్రట్రోపియము, టియోట్రోపియము అనే మందులు ఈ వంశమునకు చెందినవే. అయితే రసాయనికులు వాటిని రక్తములోకి సులభముగా చేరకుండ మార్చినారు. అందువలన వాటి వలన గుండెవేగము అంతగా పెరుగదు. ముసలితనములో పొగాకు వలన వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు ఇవి ఎక్కువగా వాడబడుచున్నవి.

రెండవ వంశము అడ్రినలినుది. ప్రస్తుత వివాదమంతా దీని చుట్టే ఉన్నది. భయపడినప్పుడు, పరుగెత్తవలసినప్పుడు మూత్రపిండముల మీది గ్రంథులు అడ్రినలినును వదులుతవి. గుండె వేగము హెచ్చుతుంది, ఊపిరి గొట్టములు విచ్చుకొంటవి, కండరములకు రక్తము ఎక్కువగా పోతుంది. ఇవి అన్నీ ఒకే పదార్థము చేసే పనులు. కాబట్టి ఊపిరి కోసము అడ్రినలినును సూదిమందుగా ఇచ్చిన వైద్యునికి గుండెదడ తప్పనిసరి చుట్టమైనది. 1940 నాటికి ఐసోప్రినలిను వచ్చినది. అది అడ్రినలినువలె రక్తపుపోటును పైకి ఎగదోయదు గాని, గుండెను మాత్రము గట్టిగానే అదిలిస్తుంది.

ఈ మందును జేబులో పెట్టుకొనే డబ్బాలోకి దించిన కథ వినదగినది. అమెరికాలో రైకరు కంపెనీ అధిపతి జార్జి మెయిసన్ కుమార్తెకు ఉబ్బసము. అప్పటి గాజు స్ప్రే యంత్రముతో విసిగిపోయిన ఆ పదమూడేండ్ల పిల్ల, జుట్టుకు కొట్టుకొనే స్ప్రే డబ్బాలో వస్తున్నది గదా, నా మందు ఎందుకు రాదు అని తండ్రిని అడిగినదట. 1956లో కొలత ప్రకారము మందు చిమ్మే మొదటి ఇన్‌హేలరు అమ్మకమునకు వచ్చినది. పిల్లల ప్రశ్నలకు పెద్దలు చెవియొగ్గితే ఏమవుతుందో దీనివలన తెలుస్తున్నది.

తరువాత జరిగినది అంత సంతోషకరము కాదు. 1960 తరువాత ఇంగ్లండు, వేల్సులలో ఉబ్బసముతో మరణించే యువకుల సంఖ్య హఠాత్తుగా పెరుగసాగినది. 5 నుండి 34 ఏండ్ల వయస్సువారిలో 1966 నాటికి మరణములు సుమారు మూడింతలైనవి. అప్పుడు ఐసోప్రినలిను మామూలు దానికన్న అయిదురెట్లు గాఢమైన "ఫోర్టె" రకము కొన్ని దేశములలో అమ్ముతూ ఉండిరి. మరణములు పెరిగినవి సరిగా ఆ దేశములలోనే అని 1972లో స్టోలీ చూపినాడు. గాఢమైన రకము అమ్మకానికి రాని అమెరికాలో అటువంటి ఉప్పెన రాలేదు. బ్రిటనులో 1968లో చీటీ లేనిదే ఇవ్వరాదని కట్టడి చేసిన తరువాత మరణములు తగ్గినవి. గుండె దెబ్బతిని చనిపోయినారా, లేక పంపు ఇచ్చిన తాత్కాలిక ఉపశమనమును నమ్ముకొని ఆసుపత్రికి ఆలస్యముగా పోయి చనిపోయినారా? రెండు కారణములును కలిసి ఉండవచ్చును. ప్రాణవాయువు తగ్గిన రక్తముతో నడుస్తున్న గుండెను మందుతో అదిలించడము, అలసిన ఎద్దును ములుకోలతో పొడవడము వంటిది.

కావున "పంపు గుండెకు చేటు" అనే మాట గాలిలోనుండి పుట్టినది కాదు. దాని వెనుక మనుషుల మరణములు ఉన్నవి. ఈ సంగతిని దాచి వాదించడము విజ్ఞానమునకు గౌరవము కాదు.

అడ్రినలిను చేసే పనులను విడదీయవచ్చునని తోచినది ఆల్‌క్విస్టుకు. 1948లో అతడు శరీరములో ఆల్ఫా, బీటా అని రెండు రకముల గ్రాహకములు ఉండవలెనని ప్రతిపాదించినాడు. గ్రాహకమనగా కణము మీద మందు పట్టుకొనే స్థానము. 1967లో లాండ్స్ మొదలైనవారు బీటా కూడ రెండు రకములని తేల్చినారు. గుండెలో మొదటి రకము ప్రధానము; ఊపిరి గొట్టములలో రెండవ రకము. రెండవ రకమును మాత్రమే తాకే మందు దొరికితే గుండెను అదిలించకుండ ఊపిరి విప్పవచ్చును గదా! ఇంగ్లండులో డేవిడ్ జాక్ నాయకత్వమున ఆ మందు తయారైనది. 1969లో అమ్మకమునకు వచ్చిన సాల్బుటమాల్ అదే. ఎగ్జిబిషన్ మైదానమునుండి మొజంజాహి మార్కెట్టు దాటి ఆబిడ్సుకు నడచి పోతే, ఏ మందులదుకాణములోనైనా ఈ మందు ఉన్న నీలిరంగు పంపు చేతిలో పెడతారు.

మరి ఇంత తెలివిగా తయారైన మందు కూడ గుండెను ఎందుకు అదిలిస్తున్నది? దీనికి కారణములు మూడు. గుండెలో బీటా గ్రాహకములు ప్రధానముగా మొదటి రకమైనా, అయిదింట ఒకటి మొదలు నాలుగింట ఒకటి దాకా రెండవ రకమే. రసాయనికుడు తాళము విడదీసినాడుగాని, ప్రకృతి రెండు ఇండ్లకు ఒకే తాళము కొంత వేసి పెట్టినది. ఇది ఒకటి. రెండవది రక్తనాళముల సంగతి. చేతులు కాళ్ళ కండరములలోని రక్తనాళములకు కూడ రెండవ రకము గ్రాహకములు ఉన్నవి. సాల్బుటమాల్ తగలగానే అవి సడలి వెడల్పు అవుతవి; రక్తపుపోటులో క్రింది అంకె కొంత దిగుతుంది. మెడలోని ధమనులలో పోటును కనిపెట్టి ఉండే కాపలా నాడులు ఆ తగ్గుదలను గమనించి, వేగము పెంచుమని గుండెకు కబురు పంపుతవి. గుండె తన తప్పు లేకుండానే పరుగెత్తుతుంది. మూడవది, పీల్చిన మందులో పదింట ఒకటి రెండు వంతులే సాధారణముగా ఊపిరితిత్తులకు చేరుతవి. మిగిలినది నోటిలో, గొంతులో అంటుకొని మింగబడి, కొంత రక్తములోకి పోతుంది. నోటికి పంపుకు నడుమ స్పేసరు అనే గొట్టము పెట్టి పీలిస్తే ఈ వృథా తగ్గుతుంది. ఈ చౌక ఉపాయమును దుకాణములో రోగికి చూపించేవారు అరుదు.

ఎంత అదిలిస్తుంది అన్నది అసలు ప్రశ్న. 2004లో సాల్‌పీటర్ మొదలైనవారు పరీక్షలన్నిటిని కలిపి లెక్కకట్టినారు. ఈ జాతి మందు ఒక మోతాదుతో గుండె నిమిషమునకు సుమారు 9 సార్లు ఎక్కువగా కొట్టుకొంటుంది. రక్తములో పొటాషియము లీటరుకు 0.36 మిల్లీమోలుల మేర తగ్గుతుంది. మెట్లెక్కినప్పుడు పెరిగే వేగముతో పోలిస్తే 9 అన్నది చాల స్వల్పము. ఆరోగ్యవంతమైన గుండెకు ఇది లెక్కలోనిది కాదు. పొటాషియము ఎక్కడికో పోదు. కండరకణముల లోపలికి చేరుతుంది. కాని ముసలితనము, గుండెజబ్బు, నీరు తీసే మాత్రలు, ప్రాణవాయువు కొరత, ఈ నాలుగు ఒకేచోట కూడినవానికి ఆ చిన్న తగ్గుదల కూడ గుండెలయను చెడగొట్టవచ్చును. ఈ తేడా చెప్పకుండ అందరినీ ఒకే గాట కట్టి "భయము లేదు" అనడము, "ప్రాణము పోతుంది" అనడము, రెండూ ఒక్కటే.

ఇక్కడ ఒక విపరీతము చెప్పవలెను. పంపు గుండెకు చేటని భయపడేవారు తరచుగా అదే సాల్బుటమాల్‌ను మాత్రలుగా నిర్భయముగా మింగుతారు. పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. మాత్ర 2 లేక 4 మిల్లీగ్రాములు. అనగా ఒక మాత్రలో పంపు 20 నుండి 40 సార్లు నొక్కినంత మందు ఉన్నది. అది కడుపునుండి రక్తములో కలిసి, ఊపిరితిత్తులకన్న ముందు మిగిలిన శరీరమునకంతా పంచబడుతుంది. చేతివణుకు, గుండెదడ దీనితోనే ఎక్కువ. కొంచెము బాధ తప్పించుకోబోయి ఎక్కువ బాధ కొనితెచ్చుకొనే ఈ తీరును మాన్పించడము, చేపను మాన్పించడముకన్న అవసరమని నా ఉద్దేశము.

రక్తనాళముల సంగతి ఇంకొకటి. ఊపిరితిత్తులలో గాలి చేరని భాగము ఉంటే, అక్కడి రక్తనాళములు బిగుసుకొని రక్తమును గాలి ఉన్న భాగములకు మళ్ళిస్తవి. ఉపయోగము లేని మడికి నీరెందుకని రైతు అక్కడి గండి కట్టివేసినట్లు ఇది. సాల్బుటమాల్ ఈ గండిని తెరచివేస్తుంది. గాలి అందని చోటికి రక్తము పోయి, ప్రాణవాయువు పట్టుకొనకుండానే తిరిగి వస్తుంది. అందువలన తీవ్రమైన ఆయాసములో మందు పీల్చిన మొదటి నిమిషములలో రక్తములోని ప్రాణవాయువు పెరుగడానికి మారుగా కొంచెము తగ్గవచ్చును. ఆసుపత్రులలో తీవ్రరోగికి మందును ప్రాణవాయువుతో కలిపి ఇవ్వడములోని రహస్యము ఇదే. మరొక వింత ఏమనగా, పీల్చిన సాల్బుటమాల్ రక్తనాళముల లోపొరనుండి నైట్రిక్ ఆక్సైడును విడుదల చేయిస్తుంది. ఆ వాయువు నాళమును సడలిస్తుంది. లోపొర చెడినవారిలో ఈ స్పందన తక్కువగా ఉండడము గమనించి, రక్తనాళముల ఆరోగ్యమును కొలిచేందుకు పరిశోధకులు ఈ ఉబ్బసపు మందునే సాధనముగా వాడినారు. రక్తనాళములకు శత్రువని పేరుపడినది వాటి పరీక్షకు పనికివచ్చినదన్నమాట.

"ఏ దోషమూ లేదు" అనే ధీమాకు హైదరాబాదులోనే ఒక పాత పాఠము ఉన్నది. నాంపల్లికి దగ్గరనే ఉన్న అఫ్జల్‌గంజు ఆసుపత్రి, అనగా నేటి ఉస్మానియా ఆసుపత్రికి మూలమైనది, 19వ శతాబ్ది చివర ఎడ్వర్డ్ లారీ అనే సర్జను చేతిలో ఉండేది. అక్కడ వాదము కూడ పీల్చే మందు గురించే. క్లోరోఫారము మనిషిని చంపితే ఊపిరి ఆపి చంపుతుందా, గుండె ఆపి చంపుతుందా? 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు హైదరాబాదు క్లోరోఫారము కమిషనులు కూర్చున్నవి. రెండవ దానికి లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చినాడు; ఖర్చుకు వెయ్యి పౌండ్లు ఆరవ నిజాము ప్రభుత్వము ఇచ్చినది. నాలుగు వందలకు పైబడిన జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని, గుండెను చూడనవసరము లేదని, ఊపిరిని చూసుకొంటే చాలునని లారీ ఢంకా బజాయించినాడు. అప్పటి వైద్యలోకములో హైదరాబాదు పేరు మారుమ్రోగినది.

1911లో లండనులో గుడ్‌మన్ లీవై ఆ తీర్పును తలక్రిందులు చేసినాడు. తక్కువ క్లోరోఫారము మత్తులో ఉన్న పిల్లికి కొంచెము అడ్రినలిను ఎక్కిస్తే, ఊపిరి ఆడుతూ ఉండగానే గుండె గదులు వణికిపోయి ప్రాణము పోవడము అతడు చూపినాడు. భయపడిన రోగి శరీరమే అడ్రినలినును తయారుచేస్తుంది గదా! క్లోరోఫారము బల్లమీదనే చనిపోయిన కొందరి మరణములకు అప్పటికిగాని అర్థము తెలియలేదు. లారీ లెక్కలు అబద్ధములు కావు. ఎక్కువ మోతాదు ఇచ్చిన కుక్కలలో అతడు చూసినది నిజమే. ఆ నిజమును అన్ని మోతాదులకు, అందరు రోగులకు చాచి "ఎప్పుడూ లేదు" అన్నాడు. తప్పు ఆ "ఎప్పుడూ" అన్న మాటలో ఉన్నది. దానిని బయటపెట్టినది కూడ నేటి మన పంపు మందుల పెద్దన్న అయిన అడ్రినలినే కావడము చిత్రము.

ఇటువంటి "ఎప్పుడూ" ఇన్‌హేలర్ల చరిత్రలో రెండవసారి కూడ దెబ్బ తిన్నది. న్యూజీలాండులో 1976లో ఫెనొటెరాల్ అనే మందు వచ్చినది. కొద్ది సంవత్సరములలో అక్కడ ఉబ్బస మరణములు పెరిగినవి. మోతాదు పెద్దది, గుండెను తాకే గుణము సాల్బుటమాల్‌కన్న ఎక్కువ. క్రేన్ మొదలైనవారు 1989లో ఈ సంబంధమును ప్రచురించినప్పుడు వారిమీద తక్కువ దాడి జరుగలేదు. 1990లో ఆ మందును కట్టడి చేయగా మరణములు తగ్గినవి. మరల, ఎక్కువసేపు పనిచేసే సాల్మెటెరాల్ మీద అమెరికాలో 26,355 మందితో చేసిన పరీక్ష 2006లో ప్రచురితమైనది. మామూలు చికిత్సకు సాల్మెటెరాల్ చేర్చినవారిలో ఉబ్బసముతో 13 మంది చనిపోగా, చేర్చనివారిలో ముగ్గురు. సంఖ్యలు చిన్నవే. కాని ఆ జాతి మందుల పెట్టెల మీద హెచ్చరిక ముద్రించవలసి వచ్చినది. పీల్చే స్టెరాయిడుతో కలిపి ఇచ్చినప్పుడు ఆ అపాయము కనబడదని తరువాతి పెద్ద పరీక్షలలో తేలినందున, కలిపిన మందుల మీది హెచ్చరికను 2017లో తొలగించినారు.

ఈ చివరి వాక్యములోనే అసలు కిటుకు ఉన్నది. ఉబ్బసమనగా గొట్టము బిగుసుకొనడము మాత్రమే కాదు. గొట్టపు లోపొర వాచి ఉండడము. నీలిపంపు బిగువును విప్పుతుంది, వాపును ముట్టదు. స్టెరాయిడు పంపు వాపును తగ్గిస్తుంది, గాని పీల్చిన వెంటనే హాయి ఇవ్వదు. అందుచేత రోగి తక్షణము హాయి ఇచ్చేదానిని ప్రేమించి, మెల్లగా బాగుచేసేదానిని అటక మీద పెడతాడు. వాపు పెరుగుతూ ఉంటుంది, పంపు నొక్కుడు పెరుగుతూ ఉంటుంది, గుండెదడ పెరుగుతూ ఉంటుంది. చివరకు దోషము పంపు మీదికి వస్తుంది. 2019లో ఉబ్బస చికిత్సకు అంతర్జాతీయ మార్గదర్శకములు ఇచ్చే గీనా సంఘము, పెద్దవారిలోను యువకులలోను నీలిపంపు ఒక్కటే ఇచ్చే చికిత్స తగదని, దానితో ఏదో ఒక రూపమున స్టెరాయిడు ఉండి తీరవలెనని చెప్పినది. అంతవరకు అర్ధశతాబ్దము నడిచిన పద్ధతి అది. దానిని మార్చుకొన్నది విమర్శకులు కాదు, ఆ శాస్త్రమువారే.

ఆ దృష్టితో చూస్తే నాంపల్లి వరుసకు, ఆబిడ్సు దుకాణమునకు నేననుకొన్నంత దూరము లేదు. ఏడాదికి ఒకసారి చేప మింగి మిగిలిన 364 దినములు వాపును మరచిపోవడము ఒక తీరు. ఆయాసము వచ్చినప్పుడల్లా నీలిపంపు నొక్కి వాపును మరచిపోవడము ఇంకొక తీరు. రెండవది ఆ రాత్రికి ప్రాణము నిలుపుతుంది, మొదటిది అదికూడ చేయలేదు. ఈ తేడా పెద్దదే. అయినా విజ్ఞానపక్షమువారు తమ ఇంటిలోని ఈ లోపమును చెప్పుకొనకుండా చేపను మాత్రమే ఎగతాళి చేయడము నాకు సమ్మతము కాదు.

వరుసలో నిలుచున్నవారందరికి ఉబ్బసమే అన్న నమ్మకము కూడ ప్రమాదమే. ఆయాసము ఒక లక్షణము. జబ్బు పేరు కాదు. రాత్రి పడుకొన్న గంటకో రెండు గంటలకో ఊపిరాడక లేచి కూర్చునే ముసలివానికి గుండె బలహీనపడి ఊపిరితిత్తులలో నీరు చేరి ఉండవచ్చును. పూర్వపు వైద్యులు దీనిని గుండె ఉబ్బసమనేవారు. అతనికి చేప ఏమీ చేయదు. గుండెను అదిలించే పంపు మేలుకన్న కీడు చేయవచ్చును. కావలసినది నీరు తీసే మందు. బోదకాలు ఉన్న కోస్తా ప్రాంతములలో ఇస్నోఫీలియా అని మనవారు పిలిచే దగ్గు ఆయాసములలో కొన్ని ఆ పురుగుల వలన వచ్చేవే. వాటికి మందు డైఇథైల్‌కార్బమజీను. 1947లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో భీమవరమువాడైన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అది వెలువడినది. తెలుగువాడు కనుగొన్న మందు అవసరమైన తెలుగువాడు కొరమీను కోసము వరుసలో నిలుచుంటే, ఆ తప్పు అతనిది కాదు, అతని ఊపిరిని ఒకసారైనా పరీక్షించి చూడని వ్యవస్థది.

గుండెజబ్బు కూడ ఉన్న రోగి ఇన్‌హేలరు మానవలెనా? మానరాదు. ఊపిరాడని గుండె ఇంకా వేగముగా చెడుతుంది. వైద్యునికి తన గుండె సంగతి, వాడే మాత్రల సంగతి చెప్పవలెను. రక్తపుపోటుకు ఇచ్చే ప్రొప్రనొలాల్ వంటి కొన్ని మాత్రలు, కంటి నీటి కాసులకు వేసే టిమొలాల్ చుక్కలు సైతము, బీటా గ్రాహకమును మూసివేసి ఆయాసమును రేపగలవు. కంటిలో చుక్క వేస్తే ఊపిరి ఆగడమేమిటని నవ్వనక్కరలేదు. కన్నీటి దారిన అది ముక్కులోకి దిగి రక్తములో కలుస్తుంది.

ఇక దుకాణమువారు చేయగల పని ఒకటి ఉన్నది. నీలిపంపు ఒకటి 200 నొక్కులు ఇస్తుంది. ఏడాదిలో ఇటువంటివి మూడు, లేక అంతకు మించి, ఖర్చయిన రోగికి తీవ్రమైన ఆయాసము వచ్చే అవకాశము ఎక్కువ. పన్నెండు దాటితే ప్రాణభయమే ఎక్కువ. ఈ లెక్కకు యంత్రములు అక్కరలేదు. ఆబిడ్సులో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి, నాలుగవ పంపు కొనడానికి వచ్చినవానిని ఆపి, "అయ్యా, రెండవ పంపు ఏదీ? వైద్యుని ఎప్పుడు చూసినారు?" అని అడిగితే చాలు.